వలల గదిలో సినిమా

మా ఇంటి మేడ మీద ఒక గది ఉంది. నేను దాన్ని హోమ్ థియేటర్ అంటాను. నేనొక్కడినే అంటాను. అమ్మ, నాన్న, మా వీధిలో వాళ్లందరూ ఇప్పటికీ 'వలల గది' అనే అంటారు. మొన్నామధ్య మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేసి "అన్నా, ఇవాళ వలల గదిలో ఏ సినిమా?" అన్నాడు. ఆ గది మీద లక్ష రూపాయలు దాటి పోసిన నేను ఏమనాలి చెప్పండి?

మాది భావనపాడు. శ్రీకాకుళం జిల్లా, సంతబొమ్మాళి మండలం. టెక్కలి నుంచి వస్తుంటే నౌపడ ఉప్పు మడులు, తేలినీలాపురం కొంగల చెట్లు తగుల్తాయి, తర్వాత సముద్రం. మా ఇంటి మేడెక్కితే హార్బర్ గోడ కనపడుతుంది. 'భావనపాడు పోర్టు' అని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాం. చివరికి ఆ పోర్టు పని మూలపేట దగ్గర మొదలైంది, 2023 ఏప్రిల్లో శంకుస్థాపన చేశారు. మా ఊరికి పేరు మిగిలింది, మూలపేటకి లారీలు మిగిలాయి. సరే, అది వేరే కథ.

ఈ గది కథ తిత్లీ తుఫానుతో మొదలైంది. 2018 అక్టోబర్ 11న తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మా ఇంటి మీదున్న డిష్ యాంటెన్నా ఏ దిక్కుకి పోయిందో ఈరోజుకీ తెలీదు. కిటికీలోంచి కొట్టిన వానకి టీవీ తడిసి పోయింది. రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకట్లో అరుగు మీద కూర్చుని నాన్న ఒకే మాట అన్నాడు. "పోయిందేదో పోనాది. నీకు ఉద్యోగం వచ్చినాక పెద్ద టీవీ కొను. అందరం కూకుని సూద్దాం." నాన్న నన్నేదైనా అడగడం నాకు గుర్తున్నంతవరకూ అదొక్కసారే.

మరుసటి ఏడాది వైజాగ్‌లో ఉద్యోగం వచ్చింది. టీవీ కొన్నాను కూడా. కానీ నాకు యూట్యూబ్ అనే జబ్బు ఒకటుంది. స్పీకర్ల వీడియోలు చూసీ చూసీ, టీవీ ఒక్కటే ఏం సరిపోతుంది అనిపించింది. మేడ మీద వలలు దాచుకునే గది ఉంది కదా, 12 అడుగులకి 12 అడుగులు, స్లాబు గది, ఒకే కిటికీ. హోమ్ థియేటర్‌కి ఇంతకంటే ఏం కావాలి?

చాలా కావాలట. ముందుగా, గది అలా నలుచదరంగా ఉండకూడదట. ఇది నాకు 2 ఏళ్ల తర్వాత తెలిసింది.

2022 వేట నిషేధం రోజుల్లో పని మొదలుపెట్టాను. మీకు తెలియకపోతే చెప్తాను, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్ల వేట ఆపేస్తారు. అప్పుడు నాన్న ఇంటి దగ్గరే ఉంటాడు. వలలు బాగుచేసుకుంటూ ఉంటాడు. ఆ వలలే నేను గదిలోంచి తీసి బయట పడేశాను. అరుగు మీద వలల గుట్ట, గుట్ట పక్కన నాన్న. ఏమీ అనలేదు. అమ్మే అంది, "బాబూ, వానొస్తే ఆటినెక్కడ పెడతాం రా?"

వలలు తీసేశాక గదిలో చప్పట్లు కొట్టి చూశాను. టప్పుమని కొడితే ఖంగుమని తిరిగొచ్చింది. వలలున్నప్పుడు ఆ గదిలో ఎంత అరిచినా అరుపు అక్కడే చచ్చిపోయేది. అంటే కట్టలు కట్టలుగా ఉన్న తాళ్లు, నైలాను, వాటి మధ్య గాలి, అన్నీ కలిసి శబ్దాన్ని తాగేసేవి. ఊరికే వచ్చిన సౌండ్ ట్రీట్‌మెంట్‌ని నా చేతులతో నేనే బయటికి మోశాను. ఆ తర్వాత ఆన్‌లైన్లో డబ్బులు పోసి ఫోమ్ ముక్కలు కొని గోడకి అంటించాను. పల్చటి ఫోమ్ పై స్థాయి శబ్దాన్ని కాస్త పీల్చుకుంటుందే తప్ప, బేస్‌ని ఏమీ చెయ్యలేదు. ఉప్పు గాలికి 6 నెలల్లో జిగురు ఊడి, ఒక్కో ముక్కా రాత్రిపూట దభీమని పడేది. దొంగలనుకుని అమ్మ 2 సార్లు లేచింది.

మొదటి ప్రొజెక్టర్ గురించి ఎక్కువ చెప్పను. పెట్టె మీద 9000 లూమెన్స్ అని రాసుంది, ధర 7 వేలు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసినప్పుడే నాకు అర్థమవ్వాల్సింది. పట్టపగలు సీను కూడా అమావాస్యలా కనపడింది. నాన్న కాసేపు చూసి "దెయ్యాల సినిమాయా?" అన్నాడు. అది కుటుంబ కథాచిత్రం. తర్వాత డబ్బులు కూడేసి మంచిది తీసుకున్నాను. 100 అంగుళాల బొమ్మ పడాలంటే గోడకి ఎంత దూరంలో పెట్టాలో లెక్క ముందే చూసుకున్నాను. నాదానికి 9 అడుగులు చాలు.

సౌండ్ దగ్గర నా కష్టం వేరు. మొదట టెక్కలిలో ఒక బాక్సు సెట్టు తెచ్చాను, 5 చిన్న స్పీకర్లు, ఒక సబ్ వూఫర్. ఏడాదికి స్పీకర్ల వెనక వైర్లు పెట్టే చోట పచ్చగా చిలుం పట్టింది. ఒకటి గరగరమనడం, ఒకటి మూగబోవడం. సముద్రానికి ఇంత దగ్గర ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట: చవక వైరు కొనకండి. చాలా వాటిలో రాగి పైపూతే, లోపల అల్యూమినియం. ఉప్పు గాలికి ఇట్టే తినేస్తుంది. తగరం పూత ఉన్న రాగి వైరు అడగండి. పడవల వైరింగ్‌కి వాడేది అదే. ఈ సంగతి నాకు వీడియోల్లో దొరకలేదు. హార్బర్లో బోట్లకి వైరింగ్ చేసే మావ ఒకాయన చెప్పాడు. "సినిమాకైనా బోటుకైనా ఉప్పు ఒకటే కదరా" అని.

2023లో రిసీవర్, ఒక్కొక్కటిగా స్పీకర్లు కొన్నాను. స్టెబిలైజర్ కూడా కొనాల్సి వచ్చింది, మా ఊళ్లో ఓల్టేజీ అలల్లాగే వస్తుంది. అప్పుడు బయటపడింది నలుచదరం గది సంగతి. సినిమాలో ఏ చిన్న దెబ్బ పడినా గదంతా బుయ్యిమని మోత. కారణం ఇది: గది పొడవుకి సరిపోయే ఒక స్వరం ఉంటుంది, ఆ స్వరం గోడల మధ్య ఇరుక్కుని ఊగుతూ ఉంటుంది. 12 అడుగుల గదికి అది 47 హెర్ట్జ్ దగ్గర. పొడవూ వెడల్పూ వేరువేరుగా ఉంటే ఆ ఊపు రెండు చోట్లకి పంచుకుంటుంది. రెండూ ఒకటే అయితే ఒకే స్వరం మీద డబుల్. సబ్ వూఫర్‌ని ఎక్కడ పెట్టాలో కనుక్కోడానికి ఒక చిట్కా ఉంది. మనం కూర్చునే సోఫా మీద దాన్ని పెట్టి, పాట వేసి, మనం గోడల వెంట పాకాలి. ఎక్కడ బేస్ సమంగా వినపడితే అక్కడ దాన్ని పెట్టాలి. నేను అలా పాకుతుండగా అమ్మ టీ పట్టుకుని వచ్చింది. "ఏటి పోనాది బాబూ? నానూ ఎతకనా?" అని కొంగు దోపుకుని తనూ కూర్చుంది.

ఇవన్నీ చేశాక సౌండ్ బాగుంది. వైజాగ్ నుంచి వచ్చిన స్నేహితులు మెచ్చుకున్నారు. వీధిలో పిల్లలు చెప్పులు గుమ్మం బయట విడిచి మరీ వచ్చి చూస్తున్నారు. నాన్న ఒక్కడే పది నిమిషాలు కూర్చుని లేచిపోయేవాడు. ఎలా ఉంది నాన్నా అంటే ఒకటే మాట.

"సౌండు బావుంది గానీ, మాటలు తెలడం నేదు."

అంటే డైలాగులు అర్థం కావట్లేదు. దీనికి నాకు వెంటనే కారణం తట్టింది. సినిమాల్లో మాటలు ఎక్కువ భాగం మధ్యలో ఉండే సెంటర్ స్పీకర్లోంచి వస్తాయి. నాది చిన్నది, నేల మీద పెట్టాను, మాటలు మోకాళ్ల దగ్గర ఆగిపోతున్నాయి. పెద్ద సెంటర్ కొని, చెవుల ఎత్తుకి తగ్గట్టు వంచి పెట్టాను. "ఇప్పుడు?" అంటే "సౌండు బావుంది." రిసీవర్లో మాటల్ని పెంచే సెట్టింగ్ పెట్టాను. పెద్ద శబ్దాలు తగ్గించి చిన్న వాటిని పైకి తెచ్చే నైట్ మోడ్ పెట్టాను. "ఊఁ, బావుంది," అని నాన్న రిమోట్ తీసుకుని వాల్యూమ్ ఇంకా పెంచాడు. కిటికీ అద్దం గిలగిల్లాడింది. పక్కింటి మామ్మ కిందనుంచి కేకేసింది.

అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇంత డబ్బు, ఇన్ని వారాలు. "అంత పెట్టినా వినపడదా నీకు?" అని గట్టిగానే అరిచాను. ఆ మాట మాత్రం నాన్నకి బాగానే వినపడింది. లేచి కిందికి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. వైజాగ్ వచ్చిన కొత్తలో నాన్న నాతో ఫోన్లో మాట్లాడేవాడు. తర్వాత తర్వాత తగ్గించేశాడు. నేను ఫోన్ చేస్తే "ఆఁ, మీ అమ్మకిత్తన్నాను" అనేవాడు. అంతే. ఉద్యోగం కోసం ఊరొదిలేశానని కోపమనుకున్నాను. వలలు బయట పడేశాననుకున్నాను. మా ఇళ్లల్లో తండ్రీ కొడుకులు కూర్చుని ఇలాంటివి మాట్లాడుకోరు. వాళ్లకి బోలెడు పనులుంటాయి. నేనూ అడగలేదు. 4 ఏళ్లు అలా గడిచిపోయాయి.

2025 సంక్రాంతికి ఇంటికొచ్చాను. ఆ 47 హెర్ట్జ్ మోత సంగతేదో తేల్చేద్దామని ఒక కొలత మైకు తెచ్చాను. లాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అది 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఒకటే రాగం తీస్తుంది. ఏనుగు గురకలా మొదలై, శంఖంలా లేచి, ఈలలా సన్నబడి, చివరికి ఎవరికీ వినపడనంత పైకి పోతుంది. మైకు దాన్ని విని గది ఎక్కడ తప్పు చేస్తుందో గీత గీసి చూపిస్తుంది. కనుమ రోజు మధ్యాహ్నం అది చేస్తుంటే నాన్న వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. భోజనాలయ్యాయి, ఇంట్లో చుట్టాలు, ఎక్కడా చోటు లేక వచ్చుంటాడు.

రాగం మొదలైంది. ఊఁ... అని లేచింది. నాన్న తల ఊపాడు. మూడొంతులు కూడా అవ్వకముందే నావైపు తిరిగి అన్నాడు.

"ఆపేసినావేటి?"

అది ఆగలేదు. గదిలో ఈల మారుమోగుతోంది. నాకైతే పళ్లు జివ్వుమంటున్నాయి. నాన్న మొహంలో ఏమీ లేదు. తర్వాత ఏముందా అని ఎదురుచూస్తున్న మొహం.

మళ్లీ పెట్టాను. మళ్లీ అదే చోట "అయిపోనాది" అన్నాడు. ఆ పైన ఒక్కో స్వరం విడిగా పెట్టాను. 500 వినపడింది. 1000 వినపడింది. 2000కి కాసేపు ఆలోచించి "ఊఁ, ఏదో ఉంది" అన్నాడు. 4000 పెట్టాను. నేను రెండు చెవులూ మూసుకున్నాను. నాన్న "పెట్టు మరి" అన్నాడు.

లాప్‌టాప్ మూసేసి పక్కన కూర్చున్నాను.

"ఎన్నాళ్లనుంచి నాన్నా?"

"ఏటి ఎన్నాళ్లనుంచి?"

"ఇలా వినపడకపోవడం."

"వినపడకపోడవేటి. అన్నీ వినపడతన్నాయి. మాటలే తెలడం నేదు."

ఆ మాట ఎంత సరైనదో తర్వాత డాక్టరు చెప్తే గానీ నాకు తెలియలేదు. మాటలో అచ్చులు కింది స్థాయిలో, బలంగా ఉంటాయి. స, శ, త, క, ప లాంటి హల్లుల పదును ఎక్కువగా 2000 హెర్ట్జ్ పైన, బలహీనంగా ఉంటుంది. పైది పోతే గొంతు వినపడుతుంది, ఎవరిదో తెలుస్తుంది, కోపమో నవ్వో తెలుస్తుంది. ఏమన్నారో మాత్రం తెలీదు. వాల్యూమ్ పెంచితే వినపడేదే ఇంకా పెరుగుతుంది. మా నాన్న అదే చేస్తున్నాడు. నేనూ అదే చేస్తున్నాను, వేల రూపాయలు పెట్టి.

శ్రీకాకుళంలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రానన్నాడు, "నాకేటైనాది" అన్నాడు. బండి మీద వెనక కూర్చున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి పెట్టి, వినపడితే బొత్తం నొక్కమన్నారు. బయట నుంచి నేను చూస్తున్నాను. నాన్న బొత్తం మీద బొటనవేలు పెట్టి, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. గాలానికి చేప తగిలిందో లేదో చూసేటప్పుడు అలాగే ఉంటాడు. చాలాసేపు బొత్తం నొక్కలేదు.

వచ్చిన గీత చూసి ఆయన మొదటి ప్రశ్న: "ఏం పని చేస్తారు?" చేపల వేట అన్నాను. "ఇంజన్ పక్కన కూర్చుంటారా?" 30 ఏళ్లుగా. గీత 1000 దాకా బాగానే ఉండి, 4000 దగ్గర లోయలో పడిపోయింది. ఎడమ చెవిది ఇంకా లోతు. ఇంజన్ ఎడమ పక్కనే ఉంటుంది. మోతల మధ్య పనిచేసేవాళ్లకి చాలామందికి ముందు ఇక్కడే దెబ్బ తగులుతుందట. చెవి లోపల వెంట్రుకల్లాంటి సన్నటి కణాలుంటాయి, అవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ మొలవవు. మందు లేదు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి 8 గంటలకి మించి ఉండకూడదని ఒక లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైమ్ సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు. బోటు మీద డీజిల్ ఇంజన్ పక్కన ఎవరితోనైనా మాట్లాడాలంటే చెవిలో అరవాలి. మరి రాత్రి బయల్దేరితే మధ్యాహ్నానికి గానీ ఒడ్డుకి రారు. లెక్క మీరే వేసుకోండి. ఇయర్ బడ్స్ పెట్టుకుని ఇది చదువుతున్నవాళ్లు ఎలాగూ వేసుకుంటారు.

తిరిగొస్తూ కోటబొమ్మాళి దగ్గర టీకి ఆగాం. అక్కడ నాన్న తనంతట తనే మాట్లాడాడు.

"ఫోన్లో నీ గొంతొస్తది. నువ్వేటన్నావో రాదు. రెండుసార్లు అడిగితే నీకు సిరాకొస్తాది. పనిలో ఉంటావు కదా. అందుకే మీ అమ్మకి ఇచ్చీవోణ్ని."

నేనేమీ అనలేకపోయాను. తర్వాత చదివితే తెలిసింది, పాత తరహా మామూలు ఫోన్ కాల్ 3400 హెర్ట్జ్ పైనున్న శబ్దాన్ని దాదాపు మోసుకురాదు. ఉన్న కాస్త పదునూ అక్కడే పోతుంది. పైగా ఎదుట మనిషి పెదాలు కనపడవు. ఎదురుగా ఉన్నప్పుడు నాన్న ఇన్నాళ్లూ మా పెదాలు చూసి నెట్టుకొచ్చాడు. సినిమాలో ఎవరైనా వెనక్కి తిరిగి మాట్లాడితే ఆయనకి కథ తెగిపోయేది. పది నిమిషాలకి లేచిపోవడం అందుకే.

ఆ టీ కొట్టు దగ్గరే ఇంకోటి బయటపెట్టాడు. అంతకు ముందు ఏడాది అరచేయి తోలు లేచిపోయి వచ్చాడు. జారి పడ్డానని అమ్మకి చెప్పాడు. పడలేదు. వల లాగుతుంటే తాడు చుట్టుకుంటోందని అవతలి మనిషి "తాడు, తాడు" అని అరిచాడు. నాన్నకి 'ఆ... ఉ' అని వినపడింది. ఏమంటున్నాడా అని తలెత్తి ఆయన నోరు చూశాడు. ఆ లోపల తాడు చేతిని కోసుకుంటూ పోయింది. వేలు పోవాల్సింది. మనిషే పోవాల్సింది కూడా.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే బోటెక్కనిత్తారా?"

చెవి మిషన్లకి జత 38 వేలయ్యింది. వికలాంగులకి కేంద్ర ప్రభుత్వం ఉపకరణాలు ఇచ్చే పథకం ఉంది గానీ, నాన్నకి అంత శాతం రాలేదు. ఒక లెక్క మాత్రం నన్ను ఇప్పటికీ వదలదు. నాన్నకి మాటలు వినపడాలని నేను కొన్న రిసీవర్, సెంటర్ స్పీకర్, వాటి వైర్లు అన్నీ కలిపితే 52 వేలు.

మిషన్లు పెట్టుకున్న మొదటి వారం నరకం. అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. గిన్నెల చప్పుడు, ప్లాస్టిక్ కవరు చప్పుడు, తన చెప్పుల చప్పుడు. "ఇంత గోల్లో ఎలగ బతుకుతున్నార్రా మీరు?" అన్నాడు. తీసి డబ్బాలో పెట్టేశాడు. అమ్మ మళ్లీ పెట్టించింది. వేటకి పెట్టుకోడానికి లేదు, ఉప్పునీరు తగిలితే పోతాయి. ఇప్పుడు బోటు మీద ఇంజన్ దగ్గర మా చిన్నాన్న కొడుకు కూర్చుంటున్నాడు. హెడ్‌ఫోన్స్‌లాంటి చెవి కప్పులు కొనిచ్చాను. మొదట్లో నవ్వాడు, ఇప్పుడు పెట్టుకుంటున్నాడట. నాన్న ముందు వైపుకి మారాడు. తాడు సంగతి వస్తే అరవడం మానేసి చేత్తో సైగ చేస్తున్నారు. ఇది వాళ్లంతట వాళ్లు పెట్టుకున్న పద్ధతి.

గదికి కూడా మార్పులు చేశాను, ఈసారి నాకోసం కాదు. మిషన్ పెట్టుకున్న చెవికి గది ప్రతిధ్వని పెద్ద శత్రువు. మాట మీద మాట పడి చెదిరిపోతుంది. ఫోమ్ ముక్కలు పీకేసి, ఒక గోడకి మందపాటి పరదా వేశాను, నేల మీద కొబ్బరి పీచు చాప పరిచి పైన బొంత వేశాను. వెనక మూలలు రెండూ ఖాళీగా ఉన్నాయి. నాన్న చూసి, "ఆ మూలల్లో నా వలలు పెట్టుకోనా?" అన్నాడు. పెట్టుకోమన్నాను. నేల నుంచి చూరు దాకా కట్టలు పేర్చాడు. ఊరికే ఒకసారి మైకు పెట్టి కొలిచాను. గదిలో ప్రతిధ్వని బాగా తగ్గింది, 47 దగ్గర ఆ మోత కూడా కాస్త దిగింది. కాకపోతే గదిలో ఎండు నెత్తళ్ల వాసన. సముద్రం సినిమాలకి అదొక అదనపు సౌకర్యం అనుకుంటున్నాను.

సముద్రం సినిమా అంటే, 'తండేల్' ఓటీటీలోకి వచ్చాక 2025 వేట నిషేధం రోజుల్లో ఆ గదిలోనే చూశాం. మా జిల్లా నుంచి ఏటా ఎంతోమంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్లెక్కుతారు. 2018 నవంబర్లో అలా వెళ్లిన మనవాళ్లు పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. సినిమా కథకి మూలం అదే. నాన్న కూడా పెళ్లికాక ముందు 3 సీజన్లు వెరావల్ వెళ్లాడు. ఆ రాత్రి గదిలో 14 మంది, అందులో 8 మంది వెరావల్ చూసినవాళ్లు. సోఫా ఆడవాళ్లకిచ్చేసి మగవాళ్లంతా వలల మీద కూర్చున్నారు.

సినిమా నడుస్తుంటే వ్యాఖ్యానం నడుస్తూనే ఉంది. ఆ తాడు అలా కట్టరని ఒకరు, ఆ గాలికి బోటు అలా తిరగదని ఒకరు. జైలు వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. ఒకాయన మాత్రం మెల్లగా లేచి మేడ మీదకి బీడీ కాల్చుకోడానికి వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఎవరూ పిలవలేదు కూడా.

నాన్న చివరిదాకా కూర్చున్నాడు. ఇంజన్ మోత వచ్చినప్పుడల్లా చెయ్యి ఎడమ చెవి దగ్గరికి పోయేది, మిషన్ తీసేవాడు. మోత తగ్గగానే మళ్లీ పెట్టుకునేవాడు. ఒకచోట నాయిక గోడ వైపు తిరిగి ఏదో మెల్లగా అంది. అమ్మకి వినపడలేదు. "ఏటంది?" అని నాన్ననే అడిగింది. నాన్న చెప్పాడు. అమ్మ మళ్లీ తెర వైపు తిరిగిపోయింది. నేను కాసేపు తెర చూడలేకపోయాను.

మిషన్లతో చెవి కొత్తది అయిపోలేదు. నలుగురు ఒకేసారి మాట్లాడితే ఇప్పటికీ నాన్నకి ఏమీ తెలీదు. పెళ్లిళ్లకి వెళ్తే తీసేస్తాడు. బ్యాటరీ అయిపోతే వారం దాకా చెప్పడు. నేను ఫోన్ చేసినప్పుడు వీడియో కాల్ చేస్తున్నాను, పెదాలు కనపడతాయని. నాన్న ఫోన్‌ని ఎప్పుడూ నుదురే కనపడేలా పట్టుకుంటాడు.

పోయిన ఆదివారం రాత్రి తొమ్మిదింటికి నాన్న నంబర్ నుంచి ఫోనొచ్చింది. మామూలు కాలే. అమ్మ అనుకుని ఎత్తాను.

"ఒరే, ఆ రిమోట్లో ఏది నొక్కాలి? మీ అమ్మ ఏదేదో నొక్కీసింది. బొమ్మొస్తంది, మాటలు రావడం నేదు."

"నీకా, అమ్మకా?"

"ఇద్దరికీ రావడం నేదురా. నాదేం కాదు, మిషన్ పెట్టుకునే ఉన్నాను."

పైన ఎడమ వైపు బొత్తం నొక్కమన్నాను. ఏ బొత్తం అన్నాడు. మళ్లీ చెప్పాను. వెనక గోల వినపడింది, ఎవరో నవ్వారు.

"ఆఁ, వచ్చీసినాయి," అన్నాడు. "సరే ఉంటాను. సినిమా పోతాది."